యంత్ర సందేహాలు: రోటరీ ఇంజన్ సీళ్లు, వాటికి అందవలసిన చమురు

గత సంచికలో వాంకెల్ రోటరీ ఇంజన్ నిర్మాణాన్ని పరిచయం చేసిన తరువాత బెంగళూరులోని తెలుగు పాఠకుల నుండి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం సీళ్ల గురించే ఉన్నాయి. అడగవలసిన విషయమే అది. ఈ ఇంజన్‌లో వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్డు లేదు. నడుము సన్నబడిన హౌసింగు, అంటే బయటి గుల్ల లోపల మూడు మూలల రోటరు తిరుగుతూ ఉంటుంది, ఆ రెంటి మధ్య నుండి వాయువు జారిపోకుండా ఆపే సన్నని పలకలే ఇంజన్ ఆయుష్షును నిర్ణయిస్తాయి. రోటరు మూలలలో ఉండేవి అపెక్స్ సీళ్లు, రెండు పక్క ముఖాల మీద వంపుగా ఉండేవి సైడ్ సీళ్లు, ఈ రెండు రకాలూ కలిసే చోట ఉండే చిన్న స్థూపాకారపు ముక్కలు కార్నర్ సీళ్లు. మాజ్దా ఇంజన్లలో ఒక్కొక్క రోటరుకు మూడు అపెక్స్ సీళ్లు, ఆరు సైడ్ సీళ్లు, ఆరు కార్నర్ సీళ్లు ఉంటాయి. ఈసారి నాలుగు ఉత్తరాలకు జవాబు ఇస్తున్నాము. మొదటిదానికీ రెండవదానికీ ఎక్కువ చోటు కేటాయించవలసి వచ్చింది.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది పీణ్యా పారిశ్రామికవాడలో చిన్న మెషిన్ షాపు. మానవరహిత విమానాల ఇంజన్లను పరీక్షించే ఒక సంస్థ వారు చిన్న రోటరీ ఇంజన్ హౌసింగునూ, అరిగిన అపెక్స్ సీళ్లనూ తెచ్చి, అటువంటి సీళ్లు చేసి ఇవ్వగలరా అని అడిగారు. హౌసింగు లోపలి గోడ మీద, రోటరు తిరిగే దిశకు అడ్డంగా, వేలితో తడిమితే తెలిసేటంతగా అలలు ఏర్పడి ఉన్నాయి. అవి గోడ అంతటా లేవు, కొంత మేరలోనే ఉన్నాయి. ఇంకా గట్టి ఉక్కుతో సీళ్లు చేసి ఇస్తే ఈ సమస్య తీరుతుందా?

జవాబు: తీరదు. పైగా హౌసింగు మీది పూత మరింత త్వరగా పాడయ్యే ప్రమాదం ఉంది. మీరు వర్ణించిన అడ్డ అలలు సీలు మెత్తగా ఉన్నందువల్ల రాలేదు, సీలు కంపించినందువల్ల వచ్చాయి. నల్లబల్ల మీద సుద్దముక్కను నిటారుగా పట్టి నొక్కి లాగితే అది కీచుమంటూ ఎగిరెగిరి పడి, నిండు గీతకు బదులు చుక్కల గీత గీస్తుంది. సీలు కూడా గోడను అంటుకుని జారవలసిన చోట క్షణకాలం లేచి మళ్లీ పడుతూ పోతే, పడిన ప్రతిచోటా పూత మీద ఒక గంటు పడుతుంది. తరువాత వచ్చే సీళ్లు ఆ గంట్ల మీద మరింతగా ఎగురుతాయి కనుక అలలు వాటంతట అవే లోతెక్కుతాయి.

ఈ బాధను మొదట పెద్ద ఎత్తున అనుభవించినవారు జపాన్‌లోని తోయో కోగ్యో, అంటే నేటి మాజ్దా సంస్థ ఇంజనీర్లు. జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ సంస్థ 1957లో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ప్రకారం తొలి నమూనా ఇంజన్‌ను నడిపింది. ఆ సంస్థ నుండి 1961లో హక్కులు పొందిన తోయో కోగ్యో తన నమూనా ఇంజన్లను విప్పి చూసినప్పుడు సరిగ్గా మీరు చెప్పిన అలలే కనిపించాయి. వాటికి అక్కడివారు దయ్యపు గోళ్ల గీతలని పేరు పెట్టారు. కెనిచి యమమోతో నాయకత్వంలోని బృందం చివరకు కనుక్కున్నది ఏమిటంటే, దోషం సీలు కంపించే తీరులో ఉంది. లోహపు సీలులో కొనకు దగ్గరగా అడ్డంగానూ నిలువుగానూ సన్నని రంధ్రాలు తొలిచి దాని సహజ కంపన వేగాన్ని మార్చినప్పుడు అలలు తగ్గాయి. ఆ తరువాత 1967లో అమ్మకానికి వచ్చిన కాస్మో స్పోర్ట్ కారులో వారు వాడినది గట్టి ఉక్కును కాదు, అల్యూమినియం చొప్పించిన కార్బన్‌ను. కార్బన్ తేలికైనది, కొంతవరకు తనకు తానే కందెనగా పనిచేస్తుంది, హౌసింగు గోడ మీది క్రోమ్ పూతను గీకదు.

తేలిక అన్న మాట ఎందుకు ముఖ్యమో లెక్క వేసి చూపుతాను. మాజ్దా 13బి ఇంజన్ కొలతలు తీసుకుందాం. రోటరు కేంద్రం నుండి మూలకు 105 మిల్లీమీటర్లు, షాఫ్టు కేంద్రానికీ దాని మీది ఎక్సెంట్రిక్ (రోటరును మోసే, పక్కకు జరిగి ఉన్న గుండ్రని భాగం) కేంద్రానికీ మధ్య 15 మిల్లీమీటర్లు. షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటరు ఒక చుట్టు తిరుగుతుంది. షాఫ్టు నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు, హౌసింగు పొడుగు కొసల దగ్గర సీలు సెకనుకు 31 మీటర్లకు కొద్దిగా పైబడిన వేగంతోనూ, నడుము దగ్గర సుమారు 12.6 మీటర్ల వేగంతోనూ జారుతుంది. వేగం ఇలా మారుతూ ఉండగా సీలును బయటికి నెట్టే జడత్వ బలం కూడా మారుతుంది; సీలు బరువు 10 గ్రాములు అనుకుంటే, పొడుగు కొసల దగ్గర దానిని గోడకు అదిమే బలం 105 న్యూటన్లు, అంటే దాదాపు 10.7 కిలోల బరువు మోపినంత. నడుము దగ్గరికి వచ్చేసరికి అదే బలం దిశ మార్చుకుని, 13 న్యూటన్ల మేరకు సీలును గోడ నుండి లోపలికి లాగుతుంది. రోటరు మూల దూరం ఎక్సెంట్రిక్ దూరానికి తొమ్మిది రెట్లకంటే తక్కువైన ఏ ఇంజన్‌లోనైనా ఈ తిరుగుబాటు జరిగి తీరుతుంది. 13బిలో అది ఏడు రెట్లే. వేగం 9000కు పెరిగితే ఈ లోపలి లాగుడు 30 న్యూటన్లకు చేరుతుంది.

ఇప్పుడు నడుము దగ్గర సీలును గోడకు పట్టి ఉంచేది ఏమిటో ఆలోచించండి. స్పార్క్ ప్లగ్గు వైపు నడుము దగ్గర సీలు వెనుకకు చేరిన వాయు పీడనం దానిని గట్టిగా బయటికి నెడుతుంది కనుక అక్కడ అంత భయం లేదు. ఎదుటి నడుము, అంటే పొగ బయటికి పోయే దారికీ తాజా గాలి లోనికి వచ్చే దారికీ మధ్య ఉన్న నడుము దగ్గర రెండు వైపులా పీడనం తక్కువే. అక్కడ సీలుకు దిక్కు దాని కింద ఉన్న స్ప్రింగు ఒక్కటే. స్ప్రింగు వేడికి సడలిపోయి ఉంటే సీలు లేస్తుంది, లేచినది ఎక్కడో ఒకచోట పడుతుంది. అందుచేత మీ హౌసింగులో అలలు మొదలైన చోటు ఏ నడుముకు ఎంత దూరంలో ఉందో ముందుగా గుర్తు పెట్టి గీసుకోండి. పక్కపక్క అలల మధ్య దూరం కూడా కొలవండి. ఉదాహరణకు ఆ దూరం 3 మిల్లీమీటర్లు ఉండి, అక్కడ సీలు వేగం సెకనుకు 15 మీటర్లు అయితే, సీలు సెకనుకు 5000 సార్లు కంపించిందని అర్థం. ఆ సంఖ్య సీలు వంగి కంపించే సహజ వేగానికి దగ్గరగా ఉంటే, మీరు మార్చవలసింది సీలు మందమూ బరువూ గాని గట్టిదనం కాదని ఇంజన్ సొంతదారులకు ధైర్యంగా చెప్పవచ్చు.

గట్టిదనం విషయంలో మరొక చరిత్ర ఉంది. ఎన్‌ఎస్‌యూ సంస్థ 1967లో విడుదల చేసిన రో 80 కారు రూపకల్పనలో ఎంత మెప్పు పొందినా, తొలి ఏళ్లలో అపెక్స్ సీళ్లు అరిగిపోయి ఇంజన్లను వారంటీ కింద మార్చి ఇవ్వవలసి వచ్చింది. ఆ ఖర్చు సంస్థను కుంగదీసింది, 1969లో అది ఫోక్స్‌వ్యాగన్ గొడుగు కిందికి చేరింది. ఆ కారు హౌసింగుకు క్రోమ్ కాకుండా, సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిసిన నికెల్ పూత వేసేవారు. ఈనాడు మోటారు సైకిళ్ల సిలిండర్లలో నికాసిల్ అన్న పేరుతో కనిపించే పూత ఆ అవసరం నుండి పుట్టినదే. పూత మారినప్పుడు సీలు లోహం కూడా మారవలసి వచ్చింది; కార్బన్ సీలు క్రోమ్ మీద బాగా నడిచినంత మాత్రాన సిలికాన్ కార్బైడ్ మీద నడవదు. 1991లో ల మాన్స్ పందెం గెలిచిన మాజ్దా 787బి కారు నాలుగు రోటర్ల ఇంజన్‌లో సిరామిక్ సీళ్లు పెట్టినప్పుడు, హౌసింగు గోడకు కూడా వాటికి సరిపడే వేరే పూత వేశారు. సీలునూ గోడనూ విడదీసి ఆలోచించిన ప్రతిసారీ నష్టమే జరిగిందని ఈ చరిత్ర అంతా చెబుతున్నది. కాబట్టి మీ దగ్గరికి వచ్చిన హౌసింగు పూత ఏమిటో తెలుసుకోకుండా ఒక్క సీలు కూడా కోయవద్దు.

పనిలోకి దిగే ముందు చూడవలసినవి ఇంకా కొన్ని ఉన్నాయి. అరిగిన సీలు ఎత్తును నడుమనూ రెండు చివరలనూ మైక్రోమీటరుతో కొలిస్తే, నడుమ ఎక్కువ అరిగిందా, చివరలు ఎక్కువ అరిగాయా తెలుస్తుంది. నడుమ ఎక్కువైతే వేడికి హౌసింగు వంగడం గాని, చమురు ఆ చోటికి చేరకపోవడం గాని కారణం కావచ్చు. సీలుకూ రోటరులోని గాడికీ మధ్య సందును ఫీలర్ గేజితో, అంటే సందులు కొలిచే పలుచని రేకులతో చూడండి. రెండు గదులలో ఏ వైపు పీడనం ఎక్కువైతే సీలు ఆ వైపు నుండి ఎదుటి గోడకు జరిగి ఆనుకుంటుంది, పీడనం తారుమారైనప్పుడు మళ్లీ ఇటు జరుగుతుంది. గాడి అరిగిపోయి సందు పెరిగి ఉంటే, ఈ జరుగుడు ఒక దెబ్బగా మారి మీరు చేసిన కొత్త సీలును కూడా కొద్ది గంటలలో పాడు చేస్తుంది. అలలను హోనింగు రాయితో చదును చేసి ఇమ్మని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. పూత చాలా పలుచనిది, అలలు పోయేసరికి కింద ఉన్న లోహం బయటపడుతుంది. పాత పూత తీసి, మళ్లీ పూత వేసి, ఆ ఆకారానికి సరిపడే గ్రైండింగు యంత్రం మీద రుద్దించడం తప్ప వేరే మంచి దారి లేదు. సీలు కొన గుండ్రదనాన్ని మాత్రం మూల నమూనా ప్రకారమే ఉంచండి. సీలు గోడకు ఎప్పుడూ నిటారుగా ఉండదు, 13బి కొలతలలో ఇటూ అటూ 25 డిగ్రీలకు పైగా వాలుతూ పోతుంది; గోడను తాకే గీత ఆ గుండ్రని కొన మీద అటూ ఇటూ కదులుతూ అరుగుదలను పంచుతుంది, వేడిని కూడా పంచుతుంది. కొనను చదునుగా కోస్తే ఈ ఏర్పాటు మొత్తం పోతుంది.

ప్రశ్న: నేను హిందూపురం నుండి వచ్చి యలహంక దగ్గర మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ప్రాజెక్టులో పోత ఇనుప పిన్నును క్రోమ్ పూత వేసిన డిస్కు మీద, ఇంజన్ ఆయిల్‌లో మునిగి ఉండగా రుద్ది అరుగుదల కొలుస్తున్నాము. అరుగుదల దాదాపు లేనట్టే వస్తున్నది. మరి నిజమైన రోటరీ ఇంజన్లలో సీళ్లు ఎందుకు అరుగుతున్నాయి? ఈ ఇంజన్లు ఆయిల్ తాగడం లోపమే కదా, పిస్టన్ ఇంజన్‌లో లాగా ఆయిల్‌ను గీకి వెనక్కి పంపే రింగు పెట్టలేరా?

జవాబు: మీ ప్రయోగం తప్పు ఫలితం ఇవ్వడం లేదు, వేరే ప్రశ్నకు జవాబు ఇస్తున్నది. చమురులో మునిగిన జతకు అరుగుదల ఉండదని 1902లోనే జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రైబెక్ బేరింగుల మీద చేసిన పరీక్షల నుండి గ్రహించగలం. వేగం, చమురు చిక్కదనం తగినంతగా ఉండి బరువు మితంగా ఉంటే చమురు పొర రెండు లోహాలనూ పూర్తిగా విడదీస్తుంది. అప్పుడు రాపిడి గుణకం 0.01 లేదా అంతకంటే తక్కువకు పడిపోతుంది. పొర పలుచబడి లోహపు మిట్టలు ఒకదానినొకటి తాకడం మొదలైతే అది 0.1 దాకా పెరుగుతుంది, అరుగుదల అక్కడే మొదలవుతుంది. అపెక్స్ సీలు కొన గుండ్రంగా ఉండి వేగంగా జారుతుంది కనుక, చమురు ఉంటే పొర ఏర్పడడానికి ఆకారం అనుకూలంగానే ఉంది. ఉంటే అన్న ఆ ఒక్క మాటలోనే ఈ ఇంజన్ కష్టమంతా ఉంది.

పిస్టన్ ఇంజన్‌తో పోల్చి చూడండి. 13బి సీలు 6000 చుట్ల వేగంలో గంటకు సుమారు 80 కిలోమీటర్లు జారుతుంది. 86 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న పిస్టన్ రింగు అదే వేగంలో 60 కిలోమీటర్లకు కొంచెం పైగా జారుతుంది. తేడా ఉంది గాని అది అంత పెద్దది కాదు. పైగా రింగు ప్రతి స్ట్రోకు చివరా ఆగిపోతుంది, ఆగిన చోట పొర చితికిపోతుంది, అపెక్స్ సీలు ఎప్పుడూ ఆగదు. ఈ లెక్కన సీలే సుఖపడాలి. అలా జరగకపోవడానికి కారణం ఏమిటంటే, పిస్టన్ కింద క్రాంక్‌కేసు, అంటే క్రాంక్ షాఫ్టు తిరిగే చమురు గది ఉంది. ప్రతి చుట్టులోనూ అక్కడి నుండి చమురు సిలిండరు గోడ మీద పడుతుంది, కింది రింగు దానిని కావలసినంత మేరకు పరిచి మిగిలినది వెనక్కి దించుతుంది. రోటరుకు కింద అనేది లేదు. సీలు నడిచే గోడ మొత్తం ఒకదాని తరువాత ఒకటిగా గాలి పీల్చే గదికీ, నొక్కే గదికీ, మండే గదికీ గోడే. రోటరు లోపల దాన్ని చల్లబరచడానికి చమురు తిరుగుతూనే ఉంటుంది గాని, అది బయటికి రాకుండా పక్క ముఖాల మీద ఆయిల్ సీల్ రింగులు కాపలా ఉంటాయి; అవి విఫలమైతే ఇంజన్ పొగ చిమ్ముతుంది. వెనక్కి దించడానికి తొట్టి లేనప్పుడు గీకే రింగుకు పని లేదు. కనుక సీలుకు అందిన చమురు తిరిగి రాదు, పని చేసి మండిపోతుంది. ఈ ఇంజన్ చమురు తాగడం లోపం కాదు, దాని నిర్మాణంలో భాగం. మండిపోయే చమురును ఎంత తక్కువగా, ఎంత సరైన చోట ఇవ్వగలం అన్నదే ఇంజనీరు చేతిలో ఉన్నది.

మాజ్దా కార్లలో దీనికోసం కొలిచి పంపే చిన్న పంపు ఉంటుంది. ఇంజన్ వేగాన్నీ, దాని మీద పడే భారాన్నీ బట్టి అది ఇంజన్ ఆయిల్‌నే కొద్దికొద్దిగా లోనికి పంపుతుంది. ఆర్‌ఎక్స్-8 కారులో మొదట ఒక్కొక్క రోటరు హౌసింగుకు రెండు నాజిళ్లు ఉండేవి, 2009 నమూనా నుండి నడుమ మూడవది చేర్చారు. ఈ మార్పు నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే దానిలో కొత్త లోహం లేదు, కొత్త పూత లేదు. అంచుల దగ్గర పడుతున్న చమురు సీలు నడుమకు చేరడం లేదని ఒప్పుకుని, దానికి ఒక దారి వేశారు. చిన్న ఇంజన్లలో పంపు లేకుండా పెట్రోలులోనే టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు. 50కి 1 వంతున కలిపితే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఈ పద్ధతిలో చమురు పొగమంచులా గది అంతటా పరుచుకుంటుంది గాని, పెట్రోలు తడి తగిలినప్పుడల్లా గోడ మీది పొర కరిగి పలుచబడుతుంది.

ఎక్కువ పోస్తే మంచిదే కదా అని మీ వంటి యువకులకు అనిపించవచ్చు. ఎక్కువైన చమురు పూర్తిగా మండక గాడిలో మసిగా గడ్డకడుతుంది, సీలు గాడిలో ఇరుక్కుని బయటికి రాలేక వాయువును వదిలేస్తుంది, వేడి వాయువు ఆ సందులోంచి దూసుకుపోయి మిగిలిన చమురు పొరను కూడా కాల్చేస్తుంది. అంటే చమురు ఎక్కువైనందువల్ల కూడా సీలు ఎండిపోతుంది. మామూలు ఇంజన్ ఆయిల్‌లో కాల్షియం, జింకు వంటి లోహాల మిశ్రమాలు కలుపుతారు కనుక అది మండినప్పుడు బూడిద మిగులుతుంది. బూడిద తక్కువగా ఉండేటట్లు చేసిన టూ స్ట్రోక్ ఆయిల్ ఈ విషయంలో మేలు. పడవ ఇంజన్ల కోసం పూర్తిగా బూడిద లేకుండా చేసే టీసీ-డబ్ల్యూ3 రకం మాత్రం నీటితో చల్లబడే ఇంజన్లను దృష్టిలో పెట్టుకున్నది; గాలితో చల్లబడి ఎక్కువ వేడెక్కే చిన్న రోటరీ ఇంజన్‌కు దానిని వాడే ముందు తయారీదారు ఏమి చెప్పాడో చూడాలి.

ఇక మీ ప్రాజెక్టు. డిస్కును చమురులో ముంచడం మాని, పిన్ను ముందు చిన్న సూది గొట్టం పెట్టి, చమురును చుక్కల లెక్కన ఇవ్వండి. ఆ చుక్కల మధ్య వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే రాపిడి ఒకచోట ఉన్నట్టుండి పెరుగుతుంది. ఆ చోటును పట్టుకోవడమే మీ ప్రాజెక్టుకు ప్రాణం. చదునైన పిన్నుకు బదులు గుండ్రని అంచు ఉన్న చిన్న పలకను వాడండి, తాకిడి గీత రూపంలో ఉండాలి. డిస్కును కనీసం 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయగలిగితే చేయండి, ఎందుకంటే రోటరీ హౌసింగులో మంట మండే వైపు ఎప్పుడూ మంటే, తాజా గాలి వచ్చే వైపు ఎప్పుడూ చల్లదనమే. సీలు ప్రతి చుట్టులోనూ ఈ రెండు లోకాలనూ దాటుతుంది, చల్లని వైపు నిలిచిన చమురు వేడి వైపు ఆవిరైపోతుంది. ఫలితాన్ని బరువు తగ్గుదలగా మాత్రమే రాయకుండా, ఒక్కొక్క న్యూటన్ బరువుకు, ఒక్కొక్క మీటరు జారుడుకు ఎన్ని ఘన మిల్లీమీటర్లు పోయిందో రాయండి. అప్పుడు గంటకు 80 కిలోమీటర్ల లెక్కతో నిజమైన సీలుకు దాన్ని అన్వయించవచ్చు. అన్వయించేటప్పుడు మీ పలక వాలదనీ, నిజమైన సీలు వాలుతూ పోతుందనీ, మీ బరువు స్థిరమనీ, దాని మీది బరువు క్షణక్షణం మారుతుందనీ నివేదికలో స్పష్టంగా రాయడం మరవవద్దు. పరీక్షకులు ఆ వాక్యాన్నే వెతుకుతారు.

ప్రశ్న: రాజాజీనగర్‌లో మాకు ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. కాగితం ఎత్తే గాలి పంపులో కార్బన్ పలకలు అరిగిపోతున్నాయి. మీరు చెప్పిన రోటరీ ఇంజన్ సీళ్ల లాగానే ఇవి కూడా గోడకు ఒరుసుకుంటూ తిరుగుతాయి కదా. కొంచెం ఆయిల్ వేస్తే ఎక్కువ కాలం వస్తాయా?

జవాబు: దయచేసి వేయకండి. పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి గాని, మీ పంపు చమురు లేకుండా నడవడానికే తయారైనది. గ్రాఫైటు పలక అరుగుతూ గోడ మీద తన పొరనే పరుస్తుంది, ఆ పొర మీదే జారుతుంది. అరగడం దాని పనిలో భాగం. చమురు తగిలితే ఆ పొడి జిగురు ముద్దగా మారి పలకలను గాడులలో బిగించేస్తుంది, బిగిసిన పలక ఒకటి విరిగితే రోటరు, గోడ రెండూ పోతాయి. గాలి వడపోత గుడ్డను శుభ్రంగా ఉంచి, పలకల పొడవును తయారీదారు చెప్పిన హద్దుకు రాకముందే చూసి మార్చుకోండి. కాగితపు దుమ్ము ఈ పలకలకు పెద్ద శత్రువు. మరొక ఆసక్తికరమైన సంగతి: గ్రాఫైటు జారుడుగా ఉండడానికి గాలిలో కొంత తేమ కావాలి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో చాలా ఎత్తున ఎగిరే విమానాల జనరేటర్ల కార్బన్ బ్రష్‌లు పొడి గాలిలో చూస్తుండగానే అరిగిపోవడంతో ఇంజనీర్లకు ఇది స్పష్టమైంది. బెంగళూరు గాలిలో మీకు ఆ చింత లేదు.

ప్రశ్న: నేను విమానాల కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ పొంది మారతహళ్లిలో ఉంటున్నాను. సీళ్లకు ఇంత కష్టం ఉన్న ఇంజన్‌ను మానవరహిత విమానాలకు ఎందుకు ఎంచుకుంటున్నారు? చమురు ఇంత వృథా కాకుండా సీళ్లను తడిపే కొత్త ఏర్పాటు ఏదైనా వచ్చిందా?

జవాబు: ఎంచుకోవడానికి మన ఊరి పక్కనే ఉదాహరణ ఉంది. బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ రూపొందించిన నిశాంత్ అనే మానవరహిత విమానం, మన దేశంలోనే తయారైన వాంకెల్ ఇంజన్‌తో 2009 ఏప్రిల్‌లో కోలారు దగ్గరి విమాన క్షేత్రం నుండి ఎగిరింది. 55 అశ్వశక్తి తరగతికి చెందిన ఆ ఇంజన్ అభివృద్ధిలో బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, అహ్మద్‌నగర్‌లోని డీఆర్‌డీవో వాహన పరిశోధన సంస్థ కూడా భాగస్వాములు. ఒక్క రోటరు ఉన్న ఇంజన్‌నైనా ఎదురు బరువులతో పూర్తిగా సమతూకం చేయవచ్చు కనుక కెమెరా వణకదు. షాఫ్టు ప్రతి చుట్టులోనూ ఒక శక్తి తాకిడి వస్తుంది, బరువు తక్కువ. కారు ఇంజన్ ఏళ్ల తరబడి విప్పకుండా నడవాలి, విమానపు ఇంజన్‌ను నిర్ణీత గంటలకు విప్పి సీళ్లు మార్చడం మీకు తెలిసిన క్రమశిక్షణే. అక్కడ అరుగుదల ఉండకూడదని ఎవరూ కోరరు, అది ముందుగా లెక్కకు అందేదిగా ఉంటే చాలు.

కార్లలో కూడా ఈ ఆలోచన తిరిగి వస్తున్నది. మాజ్దా 2023లో తన ఎంఎక్స్-30 విద్యుత్ కారులో బ్యాటరీకి కరెంటు అందించే జనరేటరును నడపడానికి 830 ఘన సెంటీమీటర్ల ఒంటి రోటరు ఇంజన్‌ను పెట్టింది. చక్రాలను తిప్పే బాధ్యత దానికి లేదు కనుక సీళ్లను కష్టపెట్టే హఠాత్తు వేగ మార్పులు చాలావరకు తప్పుతాయి. అపెక్స్ సీలు మందాన్ని వెనుకటి 2 మిల్లీమీటర్ల నుండి 2.5 మిల్లీమీటర్లకు పెంచారు.

మీ రెండవ ప్రశ్నకు జవాబుగా చెప్పదగినది అమెరికాలోని లిక్విడ్‌పిస్టన్ సంస్థ ఎక్స్ ఇంజన్ అనే పేరుతో చేస్తున్న పని. వాంకెల్‌లో రోటరుకు మూడు మూలలు, సీళ్లు ఆ మూలలలో తిరుగుతూ ఉంటాయి. వీరు ఆకారాలను తారుమారు చేసి, నడుము సన్నబడిన రూపాన్ని రోటరుకు ఇచ్చి, మూడు మూలలను హౌసింగుకు ఇచ్చారు. ఆ విధంగా అపెక్స్ సీళ్లు కదలని హౌసింగులో నిలిచిపోయాయి. కదలని సీలు దగ్గరికి బయటి నుండి సన్నని గొట్టం వేసి చుక్క చమురును నేరుగా దాని కొనకే ఇవ్వవచ్చు, పెట్రోలులో కలిపి గది అంతటా చల్లనవసరం లేదు. సీలు రోటరుతో పాటు తిరగదు కనుక, పీణ్యా మిత్రునికి ఇచ్చిన జవాబులో లెక్క వేసిన జడత్వ బలాల తారుమారు కూడా చాలావరకు తగ్గుతుంది. చమురు మండడం అక్కడ కూడా ఉంటుంది, ఎందుకంటే సీలు దాటిన చమురుకు వెనక్కి పోయే తొట్టి ఆ ఇంజన్‌లో కూడా లేదు. కాకపోతే ఇచ్చిన చమురులో సీలుకు అందే వాటా పెరుగుతుంది.